తుపానులో పోయిన కెమికల్ స్టాక్: ఇన్సూరెన్స్ కంపెనీ కుదరదంటే ఏం చేయాలి?

2013లో ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. ఉత్తరాంధ్రలో గోడౌన్ నడిపేవాళ్లు ఈ పేర్లు మరిచిపోరు. బియ్యమో జీడిపప్పో తడిస్తే నష్టం కళ్లకు కనిపిస్తుంది, లెక్కకట్టడానికి కంపెనీ తరఫున వచ్చిన సర్వేయర్‌కి చూపించవచ్చు. కెమికల్స్ సంగతి వేరు. కొన్ని తడిస్తే కాలతాయి. కొన్ని గడ్డకట్టి, పైకి బాగానే ఉన్నట్టు కనబడుతూ పనికిరాకుండా పోతాయి. అసలు ఏం జరిగిందో వారం తిరక్కుండానే చెప్పలేని పరిస్థితి వస్తుంది. క్లెయిమ్ తగాదాలు ఎక్కువగా అక్కడే పుడతాయి.

వివరంగా చెప్పుకోడానికి రణస్థలం, పైడిభీమవరం మధ్య హైవే పక్కన ఒక గోడౌన్ ఉందనుకుందాం. పైన సిమెంటు రేకులు. లోపల హైడ్రోస్ (అద్దకాల్లో వాడే కెమికల్, తడి తగిలితే వేడెక్కుతుంది) డ్రమ్ములు, కాస్టిక్ సోడా ఫ్లేక్స్ బస్తాలు, ఓ మూల టొల్యూన్ (తేలిగ్గా అంటుకునే ద్రావకం) డ్రమ్ములు. రాత్రి గాలికి రేకులు లేచిపోయాయి, వాన లోపలికి కొట్టింది. తెల్లారేసరికి హైడ్రోస్ నుంచి పొగ, తర్వాత మంట. ఫైరింజన్ వచ్చి నీళ్లు కొట్టింది. స్టాక్ అంతా పోయింది. కొన్నాళ్లకు కంపెనీ నుంచి ఉత్తరం: ‘సరుకు తనంతట తానే వేడెక్కి కాలింది, ఇది పాలసీలోకి రాదు.’

ఈ ఉత్తరానికి జవాబు ఒక్క విషయం మీదే నిలబడుతుంది: ఏది ముందు జరిగింది? గాలి, రేకులు, వాన, తడి, వేడి, మంట, ఈ వరస మీరు ఆధారాలతో చూపించగలగాలి. ఆ ఆధారాలు దొరికేది మొదటి మూడు నాలుగు రోజుల్లోనే. అందుకే కింది మాటల్లో సగం ఆ రోజుల గురించే ఉంటాయి.

మొదటి అడుగు: మనుషులు, తర్వాతే సరుకు

హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. అద్దకాల్లో వాడతారు. బెల్లం తెల్లగా రావడానికి కొందరు కలుపుతారు కాబట్టి మన వైపు చాలామందికి తెలిసిన పేరే. దానికి కొంచెం తడి తగిలితే చాలు, వేడెక్కుతుంది, విచ్ఛిన్నమవుతుంది, సల్ఫర్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ గాలి ఊపిరితిత్తులను పట్టేస్తుంది. నాలుగు డ్రమ్ములు కాపాడదామని కుర్రాళ్లను లోపలికి పంపకండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి లోపల ఏ కెమికల్ ఎంత ఉందో స్పష్టంగా చెప్పండి. ప్రతి కెమికల్ భద్రతా పత్రం, అంటే ఎంఎస్‌డీఎస్, గోడౌన్ బయట కూడా ఒక కాపీ ఉండాలి. లోపల కాలిపోయిన కాగితం ఎవరికీ ఉపయోగపడదు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం క్లెయిమ్‌కి బాగా పనికొస్తుంది. నీటితో చర్య జరిపే సరుకు మీద నీళ్లెందుకు కొట్టారు, నష్టం మీరే పెంచుకున్నారు కదా అని తర్వాత ఎవరైనా అడగవచ్చు. హైడ్రోస్ మంటను మూసేసి ఆర్పలేం, అది మండడానికి బయటి గాలి అవసరం లేదు. ప్రమాద సమయాల్లో అగ్నిమాపక సిబ్బంది అనుసరించే అంతర్జాతీయ గైడ్‌బుక్కులో ఈ తరగతికి ప్రత్యేకంగా మినహాయింపు ఉంది: చర్య ఆగేలా పెద్ద ఎత్తున నీళ్లు కొట్టాలి. కొద్ది నీళ్లు ప్రమాదం, ధారాళంగా కొట్టిన నీళ్లే మందు. కాబట్టి ఫైర్ సిబ్బంది చేసింది సరైన పని. మంట ఆర్పే నీళ్లకు పక్కనున్న కాస్టిక్ బస్తాలు కరిగిపోతే, ఆ నష్టం కూడా అగ్ని నష్టంలో భాగమే.

రెండో అడుగు: కబురు అదే రోజు, రాతపూర్వకంగా

ఏజెంటుకి ఫోన్ చేసి ‘చెప్పేశాం’ అనుకోవద్దు. పాలసీ నంబరు, గోడౌన్ అడ్రసు, ఏం జరిగింది, సుమారు నష్టం, ఈ నాలుగూ రాసి కంపెనీకి ఈమెయిల్ పంపండి. కరెంటు, సిగ్నల్ లేకపోతే అవి వచ్చిన వెంటనే పంపి, ఆలస్యానికి కారణం కూడా అందులోనే రాయండి. కారణం తెలియకుండా ‘షార్ట్ సర్క్యూట్ అయ్యుంటుంది’, ‘దానంతట అదే అంటుకుంది’ లాంటి ఊహలు మాత్రం రాయకండి. ఆ ఒక్క వాక్యమే తర్వాత మీకు అడ్డం తిరుగుతుంది. ‘గాలికి రేకులు లేచిపోయి, వాన నీరు స్టాక్ మీద పడింది, ఆ తర్వాత పొగ, మంట వచ్చాయి’ అని చూసింది చూసినట్టు రాస్తే చాలు.

పాత తరహా స్టాండర్డ్ ఫైర్ పాలసీలో, వెంటనే కబురు చేయడంతో పాటు 15 రోజుల్లో నష్టం వివరాలు రాసివ్వాలనే షరతు ఉంటుంది. మీ పాలసీలో ఏ గడువు ఉందో చూసుకుని, కుదరకపోతే గడువు పెంచమని ముందే అడగండి. నిజమైన క్లెయిములను కేవలం ఆలస్యమైందన్న సాకుతో కొట్టేయొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011 సెప్టెంబరు 20న సర్క్యులర్ ఇచ్చింది. ఆలస్యం జరిగిపోయినవాళ్లు దాన్ని ఉదహరించవచ్చు.

మూడో అడుగు: వరసను రుజువు చేసే ఆధారాలు

ఇది నిదానంగా చదవండి.

ముందు రేకులు. ఎగిరిపోయిన రేకులు ఎక్కడ పడ్డాయో అక్కడే ఫొటో తీయండి. విరిగిన హుక్కులు, వంగిన పర్లిన్లు (రేకులను మోసే అడ్డకమ్మీలు) దాచిపెట్టండి. కప్పు ఎక్కడ తెరుచుకుందో, దాని కింద ఏ వరస డ్రమ్ములు ఉన్నాయో ఒక కాగితం మీద నక్షాలా గీయండి. ఎక్కువ కాలిన చోటు, కప్పు పోయిన చోటు ఒకదాని కింద ఒకటి వస్తే, ఆ నక్షా వంద మాటల పెట్టు. తుపాను తగలని మూలలో ఉన్న హైడ్రోస్ డ్రమ్ములు చెక్కుచెదరకుండా మిగిలి ఉంటే వాటిని అమ్మేయకండి. అదే లాటు సరుకు, అదే గోడౌను, తడవనిది కాలలేదు. ఇంతకు మించిన సాక్ష్యం మీకు దొరకదు.

తర్వాత వాతావరణం. భారత వాతావరణ శాఖకు విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం, శ్రీకాకుళం తీరంలో కళింగపట్నం దగ్గర పరిశీలన కేంద్రం ఉన్నాయి. ఆ రోజు గాలి వేగం, వర్షపాతం లెక్కలు కావాలని దరఖాస్తు చేయండి. పేపర్ కటింగులు కూడా ఉంచుకోండి గానీ వాటి మీదే ఆధారపడొద్దు.

కరెంటు సంగతి చాలామంది మరిచిపోతారు. తుపాను ముందు సరఫరా ఆపేస్తే, ఏ టైమ్‌కి ఆపారో కరెంటు సరఫరా సంస్థ ఏపీఈపీడీసీఎల్ సబ్‌స్టేషన్ లాగ్‌లో ఉంటుంది. దాని ధ్రువీకరణ తీసుకోండి. మంట పుట్టిన వేళకు లైన్‌లో కరెంటే లేదని తేలితే వైరింగ్ లోపమనే వాదన అక్కడితో ఆగిపోతుంది.

ఫైర్ స్టేషన్ నుంచి నివేదిక, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు కాపీ, తహసీల్దారు కార్యాలయం నష్టం నమోదు చేస్తే ఆ కాగితం. ఫైర్ నివేదికలో ‘కారణం’ అనే గడి ఎలా నింపారో చదవండి. రేకులు లేచిపోయిన సంగతి అందులో రాకపోతే, చేర్చమని అదే వారంలో అర్జీ ఇవ్వండి. సీసీ కెమెరా రికార్డర్ తడిసినా పారేయకండి, హార్డ్ డిస్క్ నుంచి డేటా తీయగలిగేవాళ్లు విశాఖలో ఉన్నారు.

ఇక శాంపిళ్లు. సర్వేయర్ ఎదురుగా, కాలిన చోటు నుంచి, తడిసి కాలని చోటు నుంచి, పొడిగా మిగిలిన చోటు నుంచి వేరువేరుగా తీయాలి. ప్రతి శాంపిల్‌ను మూడు భాగాలు చేసి గాలి చొరని సీసాల్లో సీల్ వేయండి: ఒకటి సర్వేయర్‌కి, ఒకటి ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల ప్రామాణికతను గుర్తించే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి, ఒకటి మీ దగ్గర. సీసా మీద తేదీ, చోటు, ఇద్దరి సంతకాలు. ఈ పని కెమికల్ తెలిసిన మనిషి, మాస్కు, గ్లవ్స్ వేసుకుని చేయాలి. కాస్టిక్ ఫ్లేక్స్ మండవు, తేమ పీల్చి గడ్డకడతాయి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కొంత కార్బొనేట్‌గా మారతాయి. దాని శుద్ధత ఎంత పడిపోయిందో ల్యాబ్ అంకెల్లో చెబుతుంది. ‘గడ్డలు కొట్టి అమ్ముకోవచ్చు కదా’ అనే సర్వేయర్‌కి ఆ అంకెలే జవాబు.

నాలుగో అడుగు: పాలసీ ఏ రకమో చూడండి

2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారాలకు రెండు ప్రామాణిక పాలసీలు వచ్చాయి. ఒకే చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల దాకా అయితే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 5 కోట్లు దాటి 50 కోట్ల దాకా అయితే భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. అంతకు మించిన వాటికి స్టాండర్డ్ ఫైర్ అండ్ స్పెషల్ పెరిల్స్ తరహా పాలసీలు.

ఈ తేడా ప్రాణం లాంటిది. భారత్ పేరుతో ఉన్న ఆ రెండు పాలసీల్లో సరుకు తనంతట తాను వేడెక్కి అంటుకోవడం కూడా ‘అగ్ని’ కిందకే వస్తుంది. మీ దగ్గర ఆ పాలసీ ఉండి, పైన చెప్పిన కారణంతో ఉత్తరం వస్తే, పాలసీలోని ఆ పేరానే కాపీ చేసి వెనక్కి పంపండి. స్టాండర్డ్ ఫైర్ పాలసీలో మాత్రం ఇది మినహాయింపుల్లో ఉంటుంది, అదనపు ప్రీమియం కట్టి కొనుక్కుంటేనే వర్తిస్తుంది.

స్టాండర్డ్ పాలసీయే ఉన్నా చేతులెత్తేయనక్కరలేదు. రెండు వాదనలున్నాయి. ఒకటి, తుపాను, వరద అదే పాలసీలో కవర్ అయిన ప్రమాదాలు. బీమా చట్టంలో నష్టానికి మూలమైన, బలమైన కారణం ఏదన్నదే చూస్తారు, చివరగా కనబడిందేదో కాదు. హైడ్రోస్ నెలల తరబడి అదే గోడౌన్‌లో చల్లగా ఉంది, కప్పు పోయాకే వేడెక్కింది. రెండోది, ఆ మినహాయింపు వేడెక్కిన సరుకు వరకే. హైడ్రోస్ నుంచి మంట పాకి టొల్యూన్, కాస్టిక్, గోడౌన్ గోడలు పోతే వాటికి ఆ మినహాయింపు వర్తించదు. మొత్తం క్లెయిమ్‌ను ఒక్క ముక్కతో కొట్టేస్తే ఈ రెండో వాదన తప్పకుండా రాయండి. అన్ని సరుకులనూ ఒకే మొత్తంగా కాకుండా విడివిడిగా లెక్క కట్టాలని చెప్పేది ఇందుకే.

షెడ్యూల్‌లో సరుకు వర్ణన కూడా చూడాలి. ‘సాధారణ సరుకు’ అని రాయించి టొల్యూన్ పెడితే చిక్కే. టొల్యూన్ సుమారు 4 డిగ్రీల దగ్గరే అంటుకోగల ఆవిరి ఇస్తుంది, పెట్రోలియం రూల్స్ ప్రకారం ‘ఎ’ క్లాస్‌లోకి వస్తుంది, వ్యాపార స్థాయిలో నిల్వకు పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్ కావాలి. లైసెన్స్ లేకపోతే ఆ సరుకు వరకు నేను ధైర్యం చెప్పలేను. కానీ పాలసీ రాసేముందు కంపెనీ మనిషి గోడౌన్ చూసి వెళ్లినా, ప్రపోజల్ ఫారంలో మీరు కెమికల్స్ అని రాసినా పరిస్థితి మారుతుంది. కంపెనీకి ముందే తెలిసిన విషయాన్ని నష్టం వచ్చాక మినహాయింపుగా వాడుకోవడాన్ని సుప్రీంకోర్టు 2022లో టెక్స్‌కో మార్కెటింగ్ కేసులో తప్పుపట్టింది. అది బేస్‌మెంట్‌లోని షాపుకి సంబంధించిన అగ్ని ప్రమాదం క్లెయిమ్. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, ప్రపోజల్ ఫారం కాపీలు కంపెనీని అడిగి తీసుకోండి.

అయిదో అడుగు: స్టాక్ లెక్క

కారణం మీద గెలిచి లెక్క దగ్గర ఓడిపోయేవాళ్లున్నారు. కొనుగోలు బిల్లులు, అమ్మకం బిల్లులు, ఈ-వే బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, స్టాక్ రిజిస్టర్, బ్యాంకుకి ఇచ్చిన నెలవారీ స్టాక్ స్టేట్‌మెంట్, అన్నీ ఒకే అంకెకు రావాలి. ముఖ్యంగా బ్యాంకు స్టేట్‌మెంట్. అప్పు లిమిట్ కోసం అక్కడ ఎక్కువ చూపించి ఇక్కడ నిజం రాసినా, అక్కడ పాత అంకె వదిలేసి ఇక్కడ కొత్తది రాసినా సర్వేయర్ మొదట పట్టుకునేది అదే. తేడా ఉంటే దాచకుండా ఎందుకు వచ్చిందో ఆడిటర్ సంతకంతో కాగితం పెట్టండి.

బీమా తక్కువ చేయించుకుంటే కోత పడుతుంది. గోడౌన్‌లో ఉన్న సరుకు 1 కోటి, పాలసీ 60 లక్షలకే, నష్టం 40 లక్షలు అనుకోండి. 40 లక్షల్లో 60 శాతం, అంటే 24 లక్షలే లెక్కకు వస్తుంది. భారత్ పాలసీల్లో 15 శాతం వరకు తక్కువైతే ఈ కోత వేయరు. దీని తర్వాత షెడ్యూల్‌లో రాసిన మినహాయింపు మొత్తం (మీరే భరించాల్సిన వాటా), సాల్వేజ్ విలువ (మిగిలిన సరుకుకు వచ్చే ధర) తీసేస్తారు.

జీఎస్టీ మాట. నాశనమైన సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) కింద వెనక్కి కట్టాలి. అది మీ జేబులోంచి పోయే నిజమైన నష్టం. బీమా మొత్తంలో పన్ను కూడా కలిపి ఉంటే, వెనక్కి కట్టిన రుజువుతో ఆ మొత్తాన్ని క్లెయిమ్‌లో చేర్చండి. చాలా క్లెయిమ్ ఫారాల్లో ఈ గడి ఖాళీగా పోతుంది, నాకు అది చూస్తే బాధగా ఉంటుంది.

తడిసిన, కాలిన కెమికల్స్ చెరువులోనో రోడ్డు పక్కనో పారబోయకూడదు. అది ప్రమాదకర వ్యర్థం. 2016 నిబంధనల ప్రకారం 90 రోజులకు మించి దగ్గర పెట్టుకోకూడదు, అనుమతి ఉన్న కేంద్రానికే పంపాలి. మనకు దగ్గరలో ఉన్నది పరవాడ కేంద్రం. పంపేముందు సర్వేయర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, రవాణాకీ శుద్ధికీ అయిన బిల్లులు శిథిలాల తొలగింపు ఖర్చు కింద అడగండి. ఆ పద్దుకు పాలసీలో పరిమితి ఉంటుంది.

ఆరో అడుగు: సర్వేయర్‌తో

గౌరవంగా ఉండండి, అడిగినవి ఇవ్వండి, ఇచ్చిన ప్రతి కాగితానికీ ఈమెయిల్‌లో జాబితా పంపండి. నోటిమాట మీద ఏదీ వద్దు. రిపోర్టు పూర్తయ్యాక కాపీ కావాలని కంపెనీకి రాయండి. సర్వేయర్ రిపోర్టు ముఖ్యమైనదే, కానీ అదే తుది తీర్పు కాదని సుప్రీంకోర్టు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. మొదటి రిపోర్టు నచ్చలేదని సరైన కారణం చూపకుండా కంపెనీ ఒకరి తర్వాత ఒకరిని సర్వేయర్లను పెట్టడమూ కుదరదు, ఇది అదే ఏడాది శ్రీ వెంకటేశ్వర సిండికేట్ కేసులో తేలింది.

తక్కువ డబ్బు ఇచ్చి ‘పూర్తి పరిష్కారం’ అని సంతకం అడిగితే? అప్పుల ఒత్తిడిలో డబ్బు వద్దనడం కష్టమే. తీసుకోండి. కానీ సంతకం పెట్టేముందే, లేదా అదే రోజు, ‘మిగతా మొత్తానికి నా హక్కు ఉంచుకుని, అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని ఈమెయిల్ పంపండి. వోచర్ మీద సంతకం పెట్టించుకున్నంత మాత్రాన పాలసీదారు హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015లో చెప్పింది. అయితే బలవంతం జరిగిందని చూపించాల్సింది మీరే. నెలలు గడిచాక గుర్తొచ్చిన అభ్యంతరానికి విలువ తక్కువ.

ఏడో అడుగు: తిరస్కరణ ఉత్తరం వచ్చాక

టెన్షన్ పడకుండా ఉత్తరంలోని ప్రతి కారణాన్నీ అంకె వేసి పక్కన రాసుకోండి. ఒక్కోదానికి మీ ఆధారం ఏదో రాయండి. ఉత్తరంలో లేని కొత్త కారణాన్ని కంపెనీ తర్వాత కేసులో తెచ్చిపెట్టడానికి వీల్లేదు. దీనికి మనకు అతి దగ్గరగా ఉండే తీర్పు 2019 నాటి సౌరాష్ట్ర కెమికల్స్ కేసు: నిల్వ చేసిన బొగ్గు తనంతట తాను వేడెక్కి పోయిన క్లెయిమ్ అది. తిరస్కరణ ఉత్తరంలో లేని ‘కబురు ఆలస్యం’ అనే కారణాన్ని తర్వాత లేవనెత్తకూడదని సుప్రీంకోర్టు అంది. కాబట్టి తిరస్కరణను ఫోన్‌లో విని ఊరుకోవద్దు, కారణాలతో ఉత్తరం కావాలని పట్టుబట్టండి.

ఆ తర్వాత కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. జవాబు తృప్తిగా లేకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255కి ఫోన్ కూడా చేయవచ్చు. పోర్టల్ కంపెనీ చేత జవాబు చెప్పిస్తుంది, తీర్పు ఇవ్వదు.

సొంత పేరు మీద వ్యాపారం, లేదా సూక్ష్మ సంస్థ అయితే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. మనకు హైదరాబాద్ కార్యాలయం. 2025 ఏప్రిల్ నుంచి పెట్టుబడి రెండున్నర కోట్ల లోపు, టర్నోవర్ 10 కోట్ల లోపు ఉంటే సూక్ష్మ సంస్థే, కాబట్టి ఉద్యమ్ (చిన్న సంస్థల నమోదు) సర్టిఫికెట్ జత చేయండి. ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి ఉండాలి, వాళ్లు కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ఇప్పించగలిగేది 50 లక్షల దాకా. ఖర్చు లేదు, లాయర్ అక్కరలేదు. చిన్న డీలర్‌కి నేను మొదట చెప్పే దారి ఇదే. కోర్టులోనో కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే మాత్రం ఇక్కడ తీసుకోరు.

మిగతావాళ్లకు వినియోగదారుల కమిషన్. వ్యాపారం కోసం తీసుకున్న పాలసీకి అక్కడ చోటు లేదని ఎవరైనా భయపెడితే, 2023లో హర్సోలియా మోటార్స్ కేసు చూపించండి. నష్టం నుంచి రక్షణ కోసం తీసుకున్న బీమా లాభం కోసం చేసిన లావాదేవీ కాదని అందులో తేల్చారు. ఏ కమిషన్‌కి వెళ్లాలన్నది క్లెయిమ్ మొత్తం బట్టి కాదు, కట్టిన ప్రీమియం బట్టి. 50 లక్షల దాకా ప్రీమియం అయితే జిల్లా కమిషనే. అంటే 3 కోట్ల క్లెయిమ్ అయినా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో వేయవచ్చు, మీ వ్యాపారం ఉన్న చోటే వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. గడువు రెండేళ్లు. పాలసీలో అంతకన్నా తక్కువ గడువు రాసి ఉండవచ్చు, అందుకని ఏడాది దాటనివ్వకండి. బ్యాంకు తాకట్టు ఉంటే బ్యాంకును కూడా పార్టీగా చేర్చండి, పాలసీలో బ్యాంకు క్లాజు ఉంటే డబ్బు ముందు అక్కడికే వెళ్తుంది.

ఫిర్యాదుకు నక్షా, వాతావరణ లెక్కలు, సబ్‌స్టేషన్ కాగితం, ల్యాబ్ రిపోర్టు, సరుకుల వారీ లెక్క జత చేయండి. ఒక కెమికల్ ఇంజనీరు చేత రెండు పేజీల అభిప్రాయం, ప్రమాణపత్రంతో, తప్పకుండా పెట్టించండి. హైడ్రోస్‌కి తడి తగిలితే ఏమవుతుందో కమిషన్ సభ్యులకు అర్థమయ్యేలా చెప్పేది అదొక్కటే. సర్వేయర్ పక్షాన కెమికల్స్ తెలిసిన నిపుణుడు ఎవరూ సంతకం చేయకపోతే ఆ సంగతీ ఎత్తి చూపండి. వడ్డీ కూడా అడగండి, అడగని వడ్డీ వస్తుందని అనుకోకూడదు.

జిల్లా కమిషన్ మీ పక్షాన చెప్పాక కంపెనీ అప్పీలు చేయాలంటే 45 రోజుల్లోపు చేయాలి, తీర్పు మొత్తంలో సగం ముందు జమ కట్టాలి. మీరు ఓడిపోయినా అప్పీలుకు మీకూ అవే 45 రోజులు, తీర్పు కాపీ వచ్చిన రోజే తేదీ వేసి ఉంచుకోండి.